ప్రాణం పెట్టండి, పిన్‌కోడ్ ఇస్తాం

సన్మానాలు చేయడం మనకే బాగా వచ్చనుకుంటాం. శాలువా, పూలదండ, మెమెంటో, పాపం ఆ పెద్దాయన కూర్చోలేక అవస్థపడుతున్నా ఆగని ప్రసంగాలు. కానీ ఈ విద్యలో అమెరికా యూనివర్సిటీల ముందు మనం ఇంకా ఎల్‌కేజీలోనే ఉన్నాం. తమ కాలేజీ తరఫున ఫుట్‌బాల్ (అదే, హెల్మెట్లు పెట్టుకుని, బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే వాళ్ళ ఫుట్‌బాల్) ఆడిన మాజీలను వాళ్ళు గౌరవించే తీరు చూస్తే కళ్ళు చెమరుస్తాయి. దాని వెనక గట్టి నియమం ఒకటుంది: గౌరవానికి డబ్బు మైల అంటకూడదు.

సిరక్యూజ్ యూనివర్సిటీనే చూడండి. జిమ్ బ్రౌన్, ఎర్నీ డేవిస్, ఫ్లాయిడ్ లిటిల్ ముగ్గురూ అక్కడ 44 నంబర్ జెర్సీతోనే ఆడారు. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 1961లో డేవిస్ గెలుచుకున్నాడు. నల్లజాతి ఆటగాడికి అది దక్కడం అదే మొదలు. రెండేళ్ళు తిరక్కుండానే లుకేమియాతో పోయాడు, 23 ఏళ్ళకే. ఆ 44 గుర్తుగా యూనివర్సిటీ పిన్‌కోడే 13244 అయింది. మన నాయకులు జిల్లాలకు పేర్లు మార్చడంతోనే అలిసిపోతున్నారు గానీ, పోస్టాఫీసు దాకా వెళ్ళాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

గౌరవానికి తొందర పనికిరాదని నేర్పింది మాత్రం అయోవా స్టేట్ యూనివర్సిటీ. జాక్ ట్రైస్ అక్కడి తొలి నల్లజాతి క్రీడాకారుడు. 1923 అక్టోబర్‌లో మిన్నెసోటాతో మ్యాచ్‌లో కాళ్ళ కింద నలిగి, రెండు రోజులకు చనిపోయాడు. స్టేడియానికి అతని పేరు పెట్టమని విద్యార్థులు ఏళ్ళ తరబడి అడిగారు. 1984లో పెద్దలు చక్కటి మధ్యేమార్గం కనిపెట్టారు. లోపల గడ్డికి ట్రైస్ పేరు, చుట్టూ ఉన్న కాంక్రీటుకు వేరే పేరు. కాంక్రీటు కూడా అతని పేరు మీదికి వచ్చేసరికి 1997 అయింది. ఎంత, 74 ఏళ్ళేగా.

ఇక మైల సంగతి. 1955లో కొలరాడోలో ఒక కాలేజీ ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. పనిలో చనిపోయిన కార్మికుడికిచ్చే పరిహారం ఇప్పించమని భార్య అడిగింది. కుదరదు, ఆ కాలేజీ ఏమీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదని 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చేసింది. చాలా సబబైన తీర్పు. వ్యాపారం కాదు కాబట్టే, 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను రేపటినుంచి రావద్దని చెప్పడానికి సుమారు 7.6 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. పని చేసినందుకు కాదు, మానేసినందుకు! బిడ్డను అక్కడికి ఎమ్మెస్‌కి పంపడానికి ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రులు ఈ అంకెను రెండుసార్లు చదువుకోవచ్చు.

అయినా కృతజ్ఞత ఒకవైపే లేదు. ఆటగాళ్ళూ తిరిగి ఇస్తూనే ఉన్నారు, చనిపోయాక కూడా. దానంగా అందిన మెదళ్ళను బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. కాలేజీ స్థాయి దాకా ఆడిన 53 మందిలో 48 మందికి సీటీఈ ఉంది. తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే మెదడు జబ్బు అది. ముందే అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి ఈ లెక్క ఆటగాళ్ళందరికీ వర్తించదు. ఆ మాట యూనివర్సిటీలు మనకంటే గట్టిగా చెబుతాయి. ఏదేమైనా శాశ్వత సేవ అంటే ఇదీ. దీనికి విగ్రహం ఎలా పోయాలో మాత్రం ఇంకా ఎవరికీ తోచినట్టు లేదు.

ఇంత పవిత్రమైన సంప్రదాయాన్ని కొత్త తరం పాడుచేసింది. 2021 నుంచి కుర్రాళ్ళు తమ పేరూ ముఖమూ వాడుకున్నవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవచ్చు. ఆటగాళ్ళు వేసిన దావాలో 2025లో కోర్టు ఒప్పుకున్న రాజీతో యూనివర్సిటీలే ఆట ఆదాయంలో నేరుగా వాటా ఇవ్వచ్చు. పాత బాకీల కింద 280 కోట్ల డాలర్లు కూడా పంచాలట. అదృష్టం కొద్దీ 2016కి ముందే ఆట ముగించినవాళ్ళకు అందులో పైసా రాదు. వాళ్ళ బాకీకి కాలదోషం పట్టేసింది. మచ్చలేని మాజీలు వాళ్ళే. మోకాళ్ళు అరిగినా, మాట తడబడినా, హాఫ్‌టైమ్‌లో మైదానం మధ్యకు పిలిచి చప్పట్లు కొట్టిస్తారు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో అయితే లక్ష మందికి పైగా కొడతారు. అక్కడిదాకా ఎవరి కాళ్ళతో వాళ్ళు నడిచి రావాలి, అంతే.