వనానికి కొమ్మ చాలు

ఉసిరి చెట్టు లేని తోటలో కార్తీక వనభోజనం ఎలా చేయాలన్నది మన శ్రీకాకుళం జిల్లావాసులు ఏనాడో తేల్చేసిన సమస్య. ఒక ఉసిరి కొమ్మ విరిచి తెచ్చి, తోటలో ఏ జీడిమామిడికో సరుగుడుకో తాడుతో కట్టేస్తే సరి. ఉసిరి నీడన భుజించమని పెద్దలు చెప్పారు గానీ, ఆ నీడ కొలత చెప్పలేదు. పోయిన కార్తీకంలో మేం రెండు వందల మందిమి మూరెడు కొమ్మ నీడన భోంచేశాం. ఇరుకుగా ఉందని ఒక్కరూ అనలేదు.

పైన షామియానా కూడా వేశారు. చెట్ల కింద షామియానా ఎందుకని మా తోడల్లుడు అమాయకంగా అడిగాడు. ఆకులు రాలి పులిహోరలో పడతాయని సమాధానం వచ్చింది. వనభోజనానికి ఉన్న ఏకైక ఇబ్బంది వనమేనని నాకు అప్పుడు బోధపడింది.

మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. సెలవులొస్తే డెత్ వ్యాలీ అనే ఎడారి పార్కుకు వెళ్తాడు. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉప్పు మేటలు, 1913 జులైలో 56.7 డిగ్రీల ఎండ నమోదైన చోటు. మృత్యులోయ అని పేరు పెట్టి, లోపలికి రావడానికి రుసుము వసూలు చేయడం అమెరికావాళ్లకే చెల్లింది. తాగే నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకెళ్లాలి, తిన్నాక మిగిలిన చెత్త ఎవరిది వాళ్లే మోసుకురావాలి. ముచ్చటపడి గులకరాయి జేబులో వేసుకుంటే నేరం. ఇంత కష్టపడి రాత్రంతా ఏం చేశావురా అంటే చుక్కలు చూశాడట. ఎన్ని కూరలు అని అడిగాను. రొట్టె ముక్క తిన్నాడట. కన్నవాళ్లకు దూరంగా ఉంటే ఇలాగే అవుతుంది.

గులకరాయి సంగతి మాత్రం మా అక్కయ్య నమ్మలేదు. ఆవిడ ఇల్లు నాగావళి ఒడ్డున. ఏరు ట్రాక్టరెక్కి పోవడం రోజూ చూసే మనిషికి, రాయి తీస్తే తప్పనే దేశం ఒకటుందంటే ఎలా నమ్ముతుంది?

ఉదారత విషయంలో విజయనగరంవాళ్లు మనకంటే ఒక మెట్టు పైనే ఉన్నారు. గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయం నీళ్లు విశాఖపట్నంవాళ్లు తాగుతారు. అందుకని దాని గట్టున పిక్నిక్ చేసుకున్నవాళ్లు బిర్యానీ గిన్నెలు అందులోనే కడిగి, పెద్ద నగరానికి కాస్త రుచి పంపిస్తారు.

అసలు విషయానికి వస్తాను. కార్తీకంలో ఆదివారాలు నాలుగు, మహా అయితే అయిదు. కులాలు అంతకంటే ఎక్కువ. కాబట్టి ఏ ఆదివారం ఏ తోట ఎవరిదన్నది శ్రావణంలోనే ఖాయమైపోతుంది. మా సంఘం ఫ్లెక్సీలో ఇరవై ఆరుగురు నాయకుల ఫొటోలు, ఒక మూల ఉసిరి చెట్టు బొమ్మ. ఆ రోజు నేను చూసిన పూర్తి ఉసిరి చెట్టు అదొక్కటే. మా కార్యదర్శి మైకు పట్టుకుని ‘మనవాళ్లంతా ఒక్కటి కావాలి’ అంటున్నారు. పక్క తోటలో ఇంకో సంఘంవారి మైకు కూడా సరిగ్గా అదే మాట అంటోంది. రెండూ కలిసిపోయి, జిల్లా అంతా ఒక్కటి కావాలన్నట్టు వినిపించింది. ప్రమాదం పసిగట్టి ఇద్దరూ సౌండు పెంచారు.

భోజనాలు ఆలస్యమయ్యేట్టున్నాయని, పిల్లలకు విజ్ఞానం కోసమని, టెక్కలి దగ్గరి తేలినీలాపురం తీసుకెళ్లారు. శీతాకాలం ముందు అక్కడికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని లేపుతాయి. సైబీరియా నుంచి వచ్చాయని మన దగ్గర వాడుక. నిజానికి ఈ రెండూ మన దేశంలోనే పుట్టి పెరిగే పక్షులు. గుడ్లు పెట్టేది ఇక్కడైతే పుట్టిల్లు సైబీరియా ఎలా అవుతుంది? కానీ ఈ మాట గట్టిగా అనకూడదు. ఈ ప్రాంతపు పక్షేనంటే మనవాళ్లు కారు దిగరు.

మా కార్యదర్శి దిగారు. చాలాసేపు తలెత్తి చూశారు. రెండు జాతులవీ ఒకే చెట్టు మీద గూళ్లు. కింది కొమ్మ ఒకరిది, పై కొమ్మ ఒకరిది. ‘వీటికి పద్ధతి లేదండీ’ అన్నారు బాధగా. ‘సంఘం లేదు కదండీ’ అన్నాను. అవునన్నట్టు తలూపారు.

తిరిగొచ్చేసరికి మూడున్నర. చివరి బంతిలో నిర్వాహకులు కూర్చున్నారు. చేతులు కడుక్కుంటూ, ఈ ఉసిరి కొమ్మ మనవాళ్లెవరు తెచ్చారని తోట కాపలాదారుణ్ణి అడిగాను. మొక్కిన కొమ్మ ఎవరిదో తెలిస్తే మంచిదే కదా.

‘మీవాళ్లు తేలేదు బాబూ. పోయిన ఆదివారం వచ్చినవాళ్లు కట్టిందే. ఇంకా పచ్చగా ఉందని ఉంచేశాను.’

పోయిన ఆదివారం ఆ తోట ఎవరిదో నాకు తెలుసు. కార్యదర్శిగారికి ఇంకా బాగా తెలుసు. ఆయన చేతిలో పెరుగన్నం ముద్ద విస్తరికీ నోటికీ మధ్య ఆగిపోయింది. కొమ్మకేసి ఒకసారి, ఫ్లెక్సీకేసి ఒకసారి చూశారు.

‘మాస్టారూ, ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి’ అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు.