టాస్క్ మేనేజర్ గారికి, పెన్‌డ్రైవ్ ఊడిరాని ఒక దీనుడి విన్నపం

అయ్యా,

మధ్యాహ్నం రెండింటికి ఎజెక్ట్ నొక్కితే, "డివైస్ వాడుకలో ఉంది, వాడుతున్న ప్రోగ్రాములు మూసి మళ్లీ ప్రయత్నించండి" అని సమాధానం. మూడయ్యేదాకా అదే పాట. ఏ ప్రోగ్రామో చెబితే ఎవరి సొమ్ము పోయింది?

ఆ మెసేజ్ విండోస్‌ది, తమరిది కాదని తెలుసు. అయినా కంట్రోల్-షిఫ్ట్-ఎస్కేప్ కొట్టగానే నడుస్తున్న ప్రోగ్రాముల చిట్టా పట్టుకుని పరిగెత్తుకొచ్చేది తమరే కాబట్టి తిట్లూ తమకే. ఎవడెంత మెమరీ మింగుతున్నాడో గడగడా అప్పజెబుతారు. ఎవడు ఏ ఫైలు పట్టుకుని వేలాడుతున్నాడంటే మాత్రం నోరు పెగలదు. ఇక విండోస్ తెర వెనుక పనులు నడిపే ఆ సర్వీస్ హోస్ట్‌ల క్యూ సంగతి ఎత్తను, బీపీ పెరుగుతుంది.

పోనీ, పేరు ఎవరికీ తెలియదా? భేషుగ్గా తెలుసు! విండోస్ డైరీ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి, డివైస్‌ల రాకపోకలు చూసే కెర్నెల్-పీఎన్‌పీ రాసిన 225 నంబరు ఈవెంట్ చూడండి. ఫలానా ప్రోగ్రాం, ఫలానా ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రాంకు ఇచ్చే నంబరు), ఈ డివైస్‌ను తీయనివ్వలేదని, ఆ ప్రోగ్రాం ఉండే ఫోల్డర్ చిరునామాతో సహా ఉంటుంది. డైరీలో రాసుకుంటారు గానీ గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెప్పరు. అంతకన్నా ఘోరం, ఒక్కోసారి అక్కడుండే పేరు టాస్క్‌ఎంజీఆర్ డాట్ ఈఎక్స్‌ఈ. అంటే నువ్వే! దొంగను పట్టుకోమని పిలిస్తే నువ్వే డ్రైవును పట్టుకుని, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికించావు కదయ్యా!

అందుకే మిగతావాళ్లను ఆశ్రయించాల్సొస్తోంది. నీ పక్కింట్లోనే రిసోర్స్ మానిటర్ ఉన్నాడు, ఇన్‌స్టాల్ గొడవ లేదు. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ (హ్యాండిల్ అంటే ఫైలు మీద ప్రోగ్రాం పట్టు) పెట్టెలో ఫైలు పేరులో ఓ ముక్క కొడితే దాన్ని పట్టుకున్న ప్రాసెస్ పేరు, ఐడీ చెప్పేస్తాడు. రోజువారీ పనికి అది చాలు. లోతుకు దిగాలంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. విండోస్‌కు పనిముట్లు చేసే సిస్‌ఇంటర్నల్స్ వాళ్లది, ఆ సంస్థను 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పటికీ ఉచితమే. జిప్ విప్పి అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి, లేకపోతే సగం ప్రాసెస్‌ల గుట్టు చూపించదు. ఫైండ్ మెనూలో వెతికితే దొంగ దొరుకుతాడు. దొరికాడు కదా అని అక్కడే క్లోజ్ హ్యాండిల్ నొక్కకండి. తన చేతిలో ఫైలు పోయిందని ఆ ప్రోగ్రాంకు తెలియదు, రాయాల్సిన డేటా గాల్లో కలుస్తుంది. ముందు ఆ ప్రోగ్రాంనే మర్యాదగా మూయండి. "ఒక్క క్లిక్‌తో పీసీ స్పీడు" అని ఊరించే ఫ్రీ సరుకుకు మాత్రం దూరం నుంచే దండం.

ఆ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో 'రీప్లేస్ టాస్క్ మేనేజర్' అని ఒక ఆప్షన్ ఉంది. టిక్ పెడితే నీ షార్ట్‌కట్‌కు అతనే పలుకుతాడు. ఇంకా పెట్టలేదు, కారణం ఒకటుంది. డ్రైవును పట్టుకున్నది ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ (ఫోల్డర్లు, టాస్క్‌బార్ చూపించే విండోస్ ప్రోగ్రాం) అయినప్పుడు, నీ లిస్టులో దాని మీద రైట్‌క్లిక్ చేసి రీస్టార్ట్ కొడితే, టాస్క్‌బార్ ఓసారి మాయమై తిరిగొచ్చేలోగా పట్టు వదిలేస్తుంది. ఆ ఒక్క పనీ నువ్వు చేసినంత సుళువుగా ఎవరూ చేయరు, ఒప్పుకుంటాను.

పనయ్యాక నువ్వు కూడా మూసుకో. పెన్‌డ్రైవ్ తీసుకోవాలి.

ఇట్లు,
ఇంకా గుమ్మంలోనే ఉన్నవాడు