నిమిషాల లెక్కలో మరుగునపడ్డ స్ఖలన సమస్యలు

మగవారి లైంగిక ఆరోగ్యం గురించి మన ఊళ్లలో గొంతెత్తి మాట్లాడేవి ప్రకటనలొక్కటే. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, సంతానలేమి అన్నింటికీ ఒకే చూర్ణం ఉందని, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యులు అందుబాటులో ఉంటారని బస్టాండు గోడలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. ఇప్పుడు ఆ పనిలో యూట్యూబ్ కూడా చేరింది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించినా అవి ఆగింది లేదు. వీటివల్ల పోయే డబ్బు కంటే, స్ఖలన సమస్య అంటే త్వరగా అయిపోవడమేనన్న అపోహ చేసే హాని ఎక్కువని నా అభిప్రాయం.

త్వరగా అవడానికి వైద్యంలో ఒక కొలత ఉంది. అంతర్జాతీయ లైంగిక వైద్య సంఘం 2014లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మొదటినుంచీ ఉన్న సమస్య అయితే సంభోగం మొదలైన దాదాపు ఒక నిమిషంలోపు, మధ్యలో వచ్చినదైతే సుమారు మూడు నిమిషాల్లోపు స్ఖలనం జరుగుతూ ఉండాలి. దానికితోడు ఆపుకోలేకపోవడం, అందువల్ల మనోవేదన కలగడం కూడా ఉండాలి. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో అయిదు దేశాల జంటలు స్టాప్‌వాచ్‌తో కొలిచి చూస్తే మధ్యస్థ సమయం 5.4 నిమిషాలని తేలింది. నీలిచిత్రాలు చూసి తమకేదో లోపముందని కుమిలిపోయే కుర్రవాళ్లకు ఈ సంఖ్య చెబితే సగం బెంగ తీరుతుంది. నిజంగా సమస్య ఉన్నవారికి డపాక్సెటిన్ మాత్ర, స్పర్శ తగ్గించే క్రీములు, ఆపి మళ్లీ మొదలుపెట్టే అభ్యాసం ఉన్నాయి. ఏది ఎవరికి నప్పుతుందో డాక్టరే తేల్చాలి.

ప్రకటనల్లో ఎక్కడా కనిపించని సమస్య ఇంకొకటుంది. భావప్రాప్తి కలుగుతుంది, వీర్యం మాత్రం బయటకు రాదు, లేదా ఒకటి రెండు చుక్కలే వస్తుంది. మామూలుగా స్ఖలన సమయంలో మూత్రాశయ ద్వారం దగ్గరి కండరం బిగుసుకుని వీర్యాన్ని ముందుకే పోనిస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేక నరాలు దెబ్బతింటే ఆ ద్వారం సరిగా మూసుకోదు. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోయి, తరువాత మూత్రంతో కలిసి వెళ్లిపోతుంది. ప్రొస్టేట్ ఆపరేషన్ తరువాతా ఇలా జరుగుతుంది. ప్రొస్టేట్ వాపుకు రాసే టామ్సులోసిన్, సైలోడోసిన్ మాత్రలు వాడేవారిలో కూడా, ముఖ్యంగా రెండోదానితో, వీర్యం బయటకు రావడం తగ్గిపోవచ్చు, ఆగిపోనూవచ్చు. ఆరోగ్యానికి దీనివల్ల ముప్పు లేదు. కానీ ఆ చీటీ రాసేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పని డాక్టర్ల వల్ల, మగతనమే పోయిందనుకుని అరవై ఏళ్ల పెద్దమనిషి ఎవరితోనూ చెప్పుకోలేక మథనపడతాడు. కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు స్ఖలనాన్ని బాగా ఆలస్యం చేస్తాయన్నదీ ఇలా చెప్పకుండా వదిలేసే సంగతే. ఆ మందులను మాత్రం రోగి సొంతంగా ఉన్నట్టుండి మానేయకూడదు.

వీర్యం పోతే బలం పోతుందన్న నమ్మకం వీటన్నింటికీ ఆజ్యం పోస్తుంది. స్వప్నస్ఖలనానికీ నీరసానికీ ముడిపెట్టి ఆసుపత్రికి వచ్చే యువకులను గమనించిన మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. వీర్యంలో అధికభాగం ప్రొస్టేట్, వీర్యకోశాలు స్రవించే ద్రవమే, శరీరం దాన్ని ఎప్పటికప్పుడు తయారుచేసుకుంటూనే ఉంటుంది.

పిల్లలు కలగని ఇళ్లలో ఈ అజ్ఞానానికి మూల్యం చెల్లించేది భార్య. ఆమెకు స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గొట్టాల పరీక్షలు వరసగా జరిగిపోతుంటే, భర్త వీర్యపరీక్షకు వెళ్లకుండా ‘నాకేం లోపం’ అంటూ ఏళ్లు గడిపేస్తాడు. వీర్యం వెనక్కి పోతున్న మనిషికి భావప్రాప్తి తరువాత పట్టిన మూత్రాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే శుక్రకణాలు కనిపిస్తాయి. ముందుగా మందులతో మూత్రంలోని ఆమ్లగుణం తగ్గించి ఆ కణాలను వేరుచేస్తే, అనువైనవారిలో వాటితోనే గర్భధారణకు ప్రయత్నించవచ్చు.