కందక యుద్ధం: ఐదు ఆరోపణలు, ఐదు సమాధానాలు

మొదటి ప్రపంచ యుద్ధం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక వ్యాఖ్య ప్రచారంలోకి వస్తుంది. పశ్చిమ రంగంలో (ఫ్రాన్సు, బెల్జియంలలో జర్మన్లతో పోరు సాగిన చోట) కందకాలను ఛేదించడం అసాధ్యమని తెలిసీ, దూరాన భవంతుల్లో సుఖంగా కూర్చున్న సేనానులు నాలుగేళ్లపాటు ఏమీ నేర్చుకోకుండా సైనికులను వరుసలు కట్టించి మెషిన్ గన్లకు ఎదురు నడిపించారనీ, చివరికి ట్యాంకు వచ్చాకే ప్రతిష్టంభన తొలగిందనీ దాని సారాంశం. అందులోని ఆవేదన న్యాయమైనదే గానీ, చెప్పిన సంగతుల్లో ఒక్కటీ యథాతథంగా నిలవదు.

కందకాలు ఛేదించరానివన్నది మొదటి మాట. 1915 మార్చి 10న ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ వద్ద దాడికి దిగిన బ్రిటిష్ బలగాల్లో దాదాపు సగం భారత సైనిక కోర్‌కు చెందినవి. కేవలం 35 నిమిషాల ఫిరంగి కాల్పులతో జర్మన్ల ముందు వరుస చాలాచోట్ల కూలిపోయి, గ్రామం కొద్ది గంటల్లోనే చేజిక్కింది. కష్టం ఆ తర్వాత మొదలైంది. టెలిఫోన్ తీగలు గుండ్లకు తెగిపోయేవి, సైనికుడు మోసుకెళ్లగల వైర్‌లెస్ అప్పటికి లేదు, వార్తాహరుడు ప్రాణాలతో చేరితేనే కబురు అందేది. మలి దాడికి ఆజ్ఞలు చేరి దళాలు కదిలేసరికి సాయంత్రమైంది. ఈలోగా జర్మన్లు మిగిలిన మెషిన్ గన్లను సర్దుకుని అదనపు బలగాలను రప్పించుకున్నారు. గెలిచినవాడు గోతులు పడిన నేల మీద కాలినడకన ముందుకు సాగాలి. ఓడినవాడి రిజర్వు దళాలు చెక్కుచెదరని రైలు మార్గం మీద వస్తాయి. కందకాన్ని పట్టుకోవడం సాధ్యమే. పట్టుకున్నదాన్ని దాటి వెళ్లడమే దుస్సాధ్యమైంది.

వరుసలు కట్టి నడిచే దృశ్యం 1916 జులై 1 నాటి సోమ్ యుద్ధం నుంచి వచ్చింది. ఆ ఒక్క రోజు బ్రిటిష్ సైన్యం నష్టం, గాయపడినవారూ గల్లంతైనవారూ కలిపి, 57,470 మంది. అందులో మరణించినవారే 19,240. ఈ లెక్కను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నిజానికి ఆ రోజు కొన్ని పటాలాలు ముందుగానే పాకుతూ శత్రువు ముళ్లకంచె దగ్గరికి చేరాయి, కనుక నడకే కారణమనడం కుదరదు. వారం రోజులపాటు సుమారు 15 లక్షల గుండ్లు కురిపించినా వాటిలో అధికభాగం తేలికపాటి ఫిరంగులవి, పేలనివీ అనేకం. సుద్దనేలలో లోతుగా తవ్విన జర్మన్ నేలమాళిగలను అవి ఏమీ చేయలేకపోయాయి. దీనికితోడు, క్షేత్రంలో దాడి నడిపిన రాలిన్సన్ మొదటి వరుసకు పరిమితమవుదామనుకుంటే, బ్రిటిష్ సర్వసేనాని హేగ్ లక్ష్యాన్ని మరింత లోతుకు జరపడంతో ఉన్న గుండ్లు విస్తారమైన నేలకు పలచబడ్డాయి. హేగ్‌ను తప్పుపట్టవలసింది ఇక్కడ. ఊరికే మూర్ఖుడనేస్తే ఈ నిర్దిష్టమైన తప్పు కూడా మరుగున పడిపోతుంది. అదే రోజు దక్షిణాన, ఫ్రెంచి ఫిరంగుల సాయం అందిన చోట, మోంటోబాన్ గ్రామం బ్రిటిష్ వారి వశమైంది. రెండు వారాలకే, జులై 14న, చీకట్లో శత్రువుకు చేరువై, క్లుప్తంగానైనా దట్టంగా కాల్పులు జరిపి, జర్మన్ల రెండో వరుసను చాలా మేరకు పట్టుకున్నారు. (ఆ సాయంత్రం హై వుడ్ వద్ద గుర్రాలపై దాడి చేసినవారిలో, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి పుట్టిన 20వ దక్కన్ హార్స్ ఉంది.)

ఏమీ నేర్చుకోలేదన్న మాటకు బ్రిటిష్ సైన్యంలోని 46వ డివిజన్ ఉదాహరణ చాలు. 1916 జులై 1న గొమ్మకూర్ వద్ద ఘోరంగా విఫలమైన ఆ డివిజనే 1918 సెప్టెంబరు 29న, పొగమంచులో, ఓడల నుంచి తెచ్చిన లైఫ్ బెల్టులు కట్టుకుని సెయింట్ క్వెంటిన్ కాలువను దాటి జర్మన్ల పటిష్ఠమైన రక్షణ వరుస హిండెన్‌బర్గ్ రేఖను ఛేదించింది. 4,000 మందికి పైగా ఖైదీలను పట్టుకోగా దాని నష్టం 800 లోపే. ఈ మధ్యకాలంలో జర్మన్లూ ఖాళీగా కూర్చోలేదు. ముందు వరుసను పలచన చేసి, రక్షణను లోతుగా పరిచి, ఎదురుదాడి దళాలను వెనుక సిద్ధంగా ఉంచడం వారు నేర్చుకున్నారు. నాలుగేళ్లు పట్టింది ఇరుపక్షాలూ నేర్చుకున్నందువల్లనే.

సేనానులందరూ సురక్షితంగా ఉన్నారన్నదానికి పెద్దగా చెప్పనక్కరలేదు. బ్రిటిష్ జనరళ్లలో 70 మందికి పైగా ఆ యుద్ధంలో మరణించారు. 1915లో ఒక్క లూస్ యుద్ధంలోనే ముగ్గురు డివిజన్ కమాండర్లు పోయారు. మిగిలినవారు వెనుక ఉన్నది టెలిఫోన్లు అక్కడే ఉన్నందువల్ల.

ఇక ట్యాంకు. 1918 మార్చి 21న జర్మన్లు ఐదు గంటల ఫిరంగి కాల్పులతోనూ చిన్న చిన్న దాడి దళాలతోనూ, ట్యాంకుల మీద ఆధారపడకుండానే, కొన్నాళ్లలో సుమారు 60 కిలోమీటర్లు చొచ్చుకుపోయారు. 1918 ఆగస్టు 8న అమియాన్ వద్ద మిత్రపక్షాలు 500కు పైగా ట్యాంకులు దించాయి, నిజమే. ఆగస్టు 12 నాటికి కదలగలిగినవి ఆరు. తొలి రోజు విజయానికి అసలు పునాది, శబ్దాన్ని బట్టీ విమాన ఛాయాచిత్రాలను బట్టీ జర్మన్ ఫిరంగుల్లో అత్యధిక భాగం ఆచూకీ ముందే కనిపెట్టి, దాడి మొదలవుతూనే వాటి నోరు మూయించడం. వేగం తగ్గగానే, మిత్రపక్షాల సర్వసేనాధిపతి ఫోష్ కొనసాగించమంటున్నా, కెనడా సేనాని కరీ, రాలిన్సన్‌ల అభ్యంతరం విని హేగ్ అక్కడి దాడిని ఆపి, ఆగస్టు 21న ఉత్తరాన ఆల్బర్ట్ దగ్గర వేరే సైన్యంతో మొదలుపెట్టించాడు. అమియాన్‌ను కాచుకోవడానికి చేరిన జర్మన్ రిజర్వు దళాలకు, ఇప్పుడు ఇంకో చోటికి కూడా పరుగెత్తక తప్పలేదు.