గర్డరుకో గుండెకాయ

పుష్కరాలు దగ్గర పడుతున్నాయంటే రాజమండ్రి పాత బ్రిడ్జికి గుబులు పుడుతుంది. 1997లో రైళ్లు మానేసింది మొదలు, హేవలాక్ వంతెన అనే ఈ పాత బ్రిడ్జిని ఉద్ధరిస్తామన్న మాట వినబడుతూనే ఉంది. 2027 వస్తోంది గనక ఇప్పుడు ఇంకాస్త గట్టిగా వినబడుతోంది. ఉద్ధరణ అనగానే మనవాళ్ల బుర్రలో వెలిగేది ఒక్కటే: 'ఐ లవ్ రాజమండ్రి' బోర్డు, మధ్యలో ఎర్ర గుండె. గుండె పెట్టకపోతే సొంత ఊరిని ఎలా ప్రేమించాలో జనానికి తెలీదు పాపం.

ఆ గుండె ఎక్కడ పెట్టాలన్నది సామాన్యమైన ఇంజినీరింగా? స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లున్నాయి. గుండె వెనక సూర్యుడు కుంగాలి, పక్కన ఆర్చి బ్రిడ్జి మీది రైలు ఫొటోలో దూరాలి, రిబ్బను కత్తిరించే పెద్దాయన నీడ గుండె మీద పడకూడదు. స్థలం ఖాయమయ్యాక వంతెనను మోసే ఉక్కు దూలానికి, అంటే గర్డరుకు, నాలుగు బెజ్జాలు, రెండు వెల్డింగులు. కాళ్లకు మెత్తగా ప్లాస్టిక్ పచ్చగడ్డి. వెనక దేవదూత రెక్కల బొమ్మ.

ఆ గడ్డి కింద నీళ్లు నిలుస్తాయి నాయనా! రివెట్లు, అంటే పలకల్ని కలిపి బిగించే మేకులు, కొట్టిన రెండు పలకల మధ్యకు తుప్పు చేరితే అది ఇనుముకంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. పలకల్ని విడదీసి రివెట్ తలలు ఎగరగొడుతుంది. పైన సిల్వర్ పెయింటు పూస్తే మెరుస్తూ కుళ్లుతుంది, అంతే. ముందు గరుకు రవ్వలు వేగంగా చిమ్మే బ్లాస్టింగుతో తెల్లని లోహం కనబడేదాకా తుప్పు ఒలవాలి, తేమ తగిలేలోపు ప్రైమరు పడాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు గనక ఆ పొట్టు గోదాట్లో కలవకుండా చుట్టూ టార్పాలిన్లు కట్టాలి. ఊడిన రివెట్ల చోట హై టెన్సైల్ బోల్టులు బిగించాలి. ఎండకు గర్డరు సాగేందుకు కదలాల్సిన బేరింగులు బిగుసుకుంటే కింది స్తంభం (పియరు) పైరాయి పగులుతుంది, వాటినీ విడిపించాలి. ఇవేవీ సెల్ఫీలో పడవు, అదే వాటి నేరం.

ఇక ఆ వెల్డింగు. నూట పాతికేళ్లు దాటిన ఉక్కు అది. ముక్క కోసి ల్యాబులో గంధకం, భాస్వరం పాళ్లు చూడకుండా వెల్డింగు పెడితే అతుకు పక్కనే చీలొచ్చు. పరీక్ష లేకుండా పని మొదలెట్టినవాడి చేతిలోని హోల్డరు లాక్కుని గోదాట్లో విసిరెయ్యాలి. ఆ పని చెయ్యమని సంతకం పెట్టినవాడి పెన్ను కూడా.

చెప్పడానికి కథే కరువైందా? స్తంభాల పునాదికి ఇసుకలో బావి కట్టి లోపల తోడుతుంటే అది తన బరువుకు తానే దిగడం, ఒక పక్క ఎక్కువ తోడితే వాలిపోవడం, రెండో పక్క బరువు పెట్టి నిలబెట్టడం. ఎర్రగా కాలిన రివెట్‌ను ఒకడు పట్టకారుతో అందిస్తే, ఒకడు వెనక అదిమిపట్టి, ఇంకొకడు సుత్తితో తల కట్టడం. చల్లారుతూ అది కుదించుకుని పలకల్ని బిగించడం. రివెట్ తల తడుముతూ పిల్లలు వినాల్సిన కథ ఇది. మన బోర్డు మీద ఉండేది మాత్రం గవర్నరు హేవలాక్ పేరు, 1900, 'చెత్త వేయరాదు'.

తొలి వానకే బోర్డులో 'రా' ఆరిపోయి ఊరు 'జమండ్రి' అవుతుంది. గుండె మాత్రం వెలుగుతూనే ఉంటుంది, దానికి జనరేటరు వేరు.