ఆరు గళ్ల సంచీ

సిగ్నాలిస్ అనే హారర్ వీడియో గేమ్‌లో శత్రువుల కంటే సామాన్ల సంచీయే ఎక్కువ భయపెడుతుంది. ఆరే గళ్లు! తుపాకీకి ఒకటి, తూటాలకు ఒకటి, టార్చికి ఒకటి, గాయం మాన్పే స్ప్రేకి ఒకటి. మిగిలినవి రెండు. తాళంచెవి ఒక గడి మింగేస్తుంది, పజిల్ ముక్క ఇంకోటి. ఇక దారిలో ఏది దొరికినా సామాన్లు దాచుకునే పెట్టె ఉన్న గదికి తిరుగు ప్రయాణమే. హారర్ ఆటా ఇది, కూలిపనా?

పోనీ దారి ఖాళీగా ఉంటుందా? మనం చంపిన శత్రువులు కాసేపటికి లేచి కూర్చుంటారు. లేవకూడదంటే థర్మైట్ అనే మండే మందుతో కాల్చాలి. దాన్నెక్కడ పెట్టుకోవాలి? అదే సంచీలో!

కోపం ఎందుకంటే, పజిళ్లు అంత బాగున్నాయి మరి. రేడియో ఫ్రీక్వెన్సీ తిప్పుతూ గరగరల మధ్య ఆధారం వెతకడం... అబ్బ! 2022లో వచ్చిన ఈ ఆటను ముఖ్యంగా ఇద్దరే కూర్చుని చేశారంటే నమ్మబుద్ధి కాదు. అలాంటి చోట బుర్ర పెడదామంటే, బుర్రంతా టార్చి వదిలేయాలా, స్ప్రే వదిలేయాలా అన్న లెక్కలకే సరి.

తర్వాత అప్‌డేట్‌లో ఎనిమిది గళ్ల ఆప్షన్ ఇచ్చారు. ఆ బుద్ధేదో విడుదల రోజే ఉండొచ్చుగా?