లాభం పంచడం సులువు, అది వచ్చిన దారి చూపించడమే కష్టం

ఏ పెద్ద కంపెనీ వార్షిక నివేదిక తిరగేసినా సామాజిక బాధ్యత పేరుతో కొన్ని పేజీలు ఉంటాయి. మొక్కలు నాటుతున్న ఉద్యోగులు, కొత్తగా కట్టించిన బడి గదులు, ఆరోగ్య శిబిరాల ఫొటోలు. మంచి పనులే, వాటిని చులకన చేయక్కర్లేదు. కానీ అవన్నీ లాభం చేతికొచ్చాక చేసే పనులు. ఆ లాభం వచ్చే దారిలో ఎవరికేం జరిగింది, ప్రమాదం ఉందని తెలిసిన రోజు ఎవరు ఏం నిర్ణయించారు అన్నది ఆ పేజీల్లో దొరకదు. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్‌కు 64 పేజీల నైతిక నియమావళి ఉండేది. 2000లో దాన్ని ఉద్యోగులందరికీ పంచారు. ఖాతా లెక్కల్లో మోసాలు బయటపడి 2001 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది.

తప్పుడు నిర్ణయాలు దుర్మార్గులే తీసుకుంటారని అనుకుంటే మనకు నిశ్చింతగా ఉంటుంది. 1986 జనవరి 27 రాత్రి జరిగింది తెలుసుకుంటే ఆ నిశ్చింత పోతుంది.

మర్నాడు చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగం. దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీకి, నాసాకు మధ్య ఆ రాత్రి టెలికాన్ఫరెన్స్ జరిగింది. బూస్టర్ భాగాలు కలిసే చోట మంటలు, వేడి వాయువులు బయటికి రాకుండా ఆపేవి ఓ-రింగులనే రబ్బరు వలయాలు. చలికి రబ్బరు బిగుసుకుపోయి సరిగా అతుక్కోదని రోజర్ బోయిజోలీ, ఆయన తోటి ఇంజినీర్లు అంతకుముందు నుంచే చెబుతున్నారు. 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ప్రయోగించొద్దని కంపెనీ మొదట సిఫారసు కూడా చేసింది. నాసా అధికారులు అసహనం చూపారు. ఐదు నిమిషాలు మాలో మేం మాట్లాడుకుంటాం అని కంపెనీ వాళ్లు లైన్ పక్కన పెట్టారు. ఆ ఐదు నిమిషాలు అరగంట అయ్యాయి. ఇంజినీర్లు పాత ప్రయోగాల ఫొటోలు ముందు పెట్టి ఎంత చెప్పినా, చివరి మాట నలుగురు మేనేజర్ల చేతికి వెళ్లింది. వాళ్లలో ఇంజినీరింగ్ విభాగం ఉపాధ్యక్షుడు వెనకాడుతుంటే, ఇంజినీర్ టోపీ తీసేసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నారు పై అధికారి. ఆయన పెట్టుకున్నారు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు చాలెంజర్ ముక్కలైంది. ఏడుగురు ప్రాణాలు పోయాయి.

ఆ గదిలో హంతకులెవరూ లేరు. మారిందల్లా వాళ్లు వేసుకున్న ప్రశ్న. మామూలుగా అయితే ఇది సురక్షితమని రుజువు చేయగలిగితేనే ముందుకెళ్లాలి. ఆ రాత్రి ఇంజినీర్లను అడిగింది సురక్షితం కాదని రుజువు చేయమని. వాళ్ల దగ్గర అనుమానం ఉంది, ఆధారాలు కొన్ని ఉన్నాయి, పూర్తి రుజువు లేదు. మందు దుష్ప్రభావం గురించి ఒక డాక్టరు ఫిర్యాదు పంపినా, బ్రేకుల్లో తేడా ఉందని ఒక మెకానిక్ చెప్పినా కంపెనీల్లో ఇదే తంతు నడుస్తుంది. తేలేదాకా ఆగుదామా, తేలేదాకా కానిద్దామా? ఆగితే వచ్చే నష్టం ఇవాళే లెక్కల్లో కనిపిస్తుంది, అది కంపెనీది. కానిస్తే వచ్చే నష్టం ఎప్పుడో వస్తుంది, అదీ వేరేవాళ్లకు. ఈ తేడాయే చాలామంది మంచివాళ్ల చేత చెడ్డ సంతకాలు పెట్టిస్తోందని నా నమ్మకం.

టార్గెట్ల సంగతీ అంతే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారు ఖాతాలు, కార్డులు, రుణాల వంటి ఎనిమిది ఉత్పత్తులు తీసుకునేలా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. రోజూ ఆ టెన్షన్ భరించలేక సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగులను కొన్నేళ్ల వ్యవధిలో తీసేశామని బ్యాంకు చెప్పుకుంది. అంతమంది ఒకే రకం తప్పు చేశారంటే దాన్ని వ్యక్తుల బలహీనత అని ఎలా సరిపెట్టుకుంటాం? కింది ఉద్యోగి మీద అందుకోలేని అంకె పెట్టి, దాన్ని ఎలా అందుకున్నావని అడగకపోవడం కూడా నైతిక నిర్ణయమే. అది తీసుకున్నది పైన కూర్చున్నవాళ్లు.

దీనికి ఎదురు ఉదాహరణగా 1982 నాటి టైలెనాల్ అనే నొప్పి మందు కథ చెబుతారు. షికాగో ప్రాంతంలో సైనైడ్ కలిసిన క్యాప్సూల్స్ మింగి ఏడుగురు చనిపోయారు. దుకాణాలకు చేరాక ఎవరో విషం కలిపారని దర్యాప్తు అధికారులు భావించారు. అయినా ఆ మందు తయారీదారు జాన్సన్ అండ్ జాన్సన్ 3 కోట్ల పైచిలుకు సీసాలు వెనక్కి తెప్పించింది. 10 కోట్ల డాలర్లకు పైగా భరించి, సీలు తీస్తే తెలిసిపోయే కొత్త ప్యాకింగ్ తెచ్చింది. గొప్ప నిర్ణయం, సందేహం లేదు. కానీ అదే కంపెనీ టాల్క్ బేబీ పౌడర్ వల్ల క్యాన్సర్ వచ్చిందంటూ తర్వాత వేలకొద్దీ కేసులు పడ్డాయి. పౌడర్ సురక్షితమేనని వాదిస్తూనే, 2023లో ఆ రకాన్ని ప్రపంచమంతటా ఆపేసింది. ఒకనాటి మంచి నిర్ణయం ఏ కంపెనీకీ జీవితకాలపు సర్టిఫికెట్ కాదు.

వ్యాపారం బాధ్యత లాభం పెంచుకోవడమేనని 1970లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించారు. ఆ మాటను పదే పదే ఉటంకించేవాళ్లు ఆయన పెట్టిన షరతును మాత్రం వదిలేస్తారు: మోసం లేకుండా, సమాజం నియమాలకు లోబడి. ఆ షరతు ఒక్కటి నిజంగా పాటించినా చాలా దారుణాలు ఆగేవి. అయితే నియమాలు బలహీనంగా ఉన్న చోటుకు పని తరలించి, చట్టప్రకారమే చేశాం కదా అంటే ఏం చెప్పాలి?

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లోని రాణా ప్లాజా భవనానికి పగుళ్లు కనిపించాయి. అందులోని బ్యాంకు తన సిబ్బందిని పంపేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున మళ్లీ పనిలోకి ఎక్కించారు. రాకపోతే జీతం రాదన్న భయం ఒకటి. భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీల్లో కొన్ని అంతకుముందు సామాజిక ఆడిట్లు, అంటే కార్మికుల పని పరిస్థితులపై జరిగే తనిఖీలు దాటినవే. అక్కడ కుట్టిన బట్టలు అమ్ముకున్న బ్రాండ్లు ఆ భవనానికి యజమానులు కావు. సరుకు తొందరగా, చౌకగా కావాలన్న ఒత్తిడి మాత్రం వాళ్లదే.

ఆ తర్వాత నెల తిరక్కుండానే కార్మిక సంఘాలు, బ్రాండ్లు కలిసి భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. నచ్చితే పాటించేది కాదది, చట్టపరంగా కట్టుబడాల్సినది. స్వతంత్ర ఇంజినీర్లు ఫ్యాక్టరీలు తనిఖీ చేస్తారు, నివేదికలు బయటపెడతారు, మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడాల్సిన బాధ్యత బ్రాండ్ల మీదా ఉంటుంది. ప్రమాదం ఉందనిపిస్తే జీతం పోకుండానే లోపలికి వెళ్లనని చెప్పే హక్కు కూడా కార్మికులకు అందులో రాసిపెట్టారు.